సందు చుక్క, పదకొండు వచ్చే వరకు

2020 మార్చి 25. శార్వరి ఉగాది. లాక్‌డౌన్ మొదటి రోజూ అదే. మామిడాకుల కోసం గడప దాటడానికే భయపడ్డ ఆ పొద్దున, మా వీధిలో ముగ్గు లేని వాకిలి ఒక్కటీ లేదు. చావింట ముగ్గు పెట్టరు కాబట్టి, తెల్లారాక ఎవరి వాకిలైనా బోసిగా ఉంటే మాకు గుండె గుబేలుమంటుంది. ఆ నెలల్లో ముగ్గంటే "మేం బాగానే ఉన్నాం" అని ఎదురింటికి పంపే కబురు.

మా మేనత్త ముగ్గు చూసి తీరాలి. 21 చుక్కలు, సందు చుక్క, 11 వచ్చే వరకు. నడిమి వరుసకి అటూ ఇటూ, చుక్కల సందుల్లో చుక్క పెడుతూ, వరుసకొకటి తగ్గించుకుంటూ పోవాలి; అంటే 331 చుక్కలు! తాడు లేదు, కొలత లేదు, పైకి లెక్కపెట్టడమూ లేదు. నడుం వంచి, మోకాలు వంచకుండా, కళ్ళాపి తడి ఆరకముందే పెట్టేసేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి దారంలా జారేది. ఎక్కడా లావు కాదు, ఎక్కడా తెగదు. ఒక్క చుక్క పక్కకి జరిగితే చివరి వరుస పువ్వు వంకరపోతుందని ఆవిడకు తెలుసు, ఆ చెయ్యికి ఇంకా బాగా తెలుసు.

మెలికల ముగ్గు అంతకన్నా గొప్ప విద్య. గీత చుక్కను తాకకూడదు, దాని చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే రావాలి. ఇంట్లో జబ్బు మనిషున్నా, చేతిలో డబ్బు లేకపోయినా, ఆ మెలిక పూర్తయ్యేదాకా మనసు మరో దిక్కుకు పోలేదు. అరవంలో కోలం అనే దీని గీతల్లోని వ్యాకరణాన్ని 1974లోనే మద్రాసులో పరిశోధకులు గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, కమలా క్రితివాసన్ శాస్త్రంగా రాశారు. మన ఆడవాళ్ళు మాత్రం పాత నోటుపుస్తకాల వెనక పేజీల్లో గీసుకుని, ఇరుగుపొరుగుతో ఇచ్చిపుచ్చుకున్నారు.

పిండి సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒకప్పుడు బియ్యప్పిండి, చీమలకు మేత అనేవారు. ఇప్పుడంతా రాతిపొడే.

నాకు కడుపు మండేది స్టిక్కర్ల గురించి. గడప ముందు ప్లాస్టిక్ తామర అతికించి ఏడాదంతా దాన్నే తుడుచుకోవడం ముగ్గా? చిల్లుల డబ్బా దొర్లించి పది సెకన్లలో పువ్వు దించుతారు, అందులో చెయ్యి ఏది, ఊపిరి ఏది? సంక్రాంతి పోటీల్లోనూ రంగుల నెమళ్ళకే బహుమతులు. చుక్కను చూసే కన్నే లేదు న్యాయనిర్ణేతలకు! అమ్మలారా, ఈ ధనుర్మాసంలో మీ పిల్లల చేత ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చే వరకైనా పెట్టించండి. ముప్ఫై ఏడు చుక్కలే.

ఆ లాక్‌డౌన్ వేసవిలో ఎదురింటాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాళ్ళావిడ వాకిలి ఊడ్వనే లేదు. మా మేనత్త మాస్కు కట్టుకుని వెళ్ళి, వాళ్ళ గుమ్మం ముందు నీళ్ళు చల్లి, చిన్న మెలిక పెట్టి వచ్చేది, రోజూ. ఆయన ఇంటికొచ్చారు. ఆ మరుసటి సంక్రాంతికి రథం ముగ్గు ఎదురింటి వాకిట్లోనే మొదలైంది. దాని తాడు వీధి దాటి మా గుమ్మందాకా వచ్చింది.