ఆటో లోపలి బొమ్మ ఎవరిది?

మా తండా వైపు నుంచి తిరువూరు బస్టాండుకు కూలీలను తీసుకొచ్చే ఆటోల్లో ఒకదాని లోపల జానెడు బొమ్మ ఉంది. డ్రైవరు ఎదుట, అద్దం కింది రేకు మీద, చేత్తో వేసిన బొమ్మ. మిరపకోతల రోజుల్లో ఆ ఆటోలో పదిమందిమి ఇరుక్కుని కూర్చుని పోతూ దాన్ని చాలాసార్లు చూశాం. ఈ వ్యాసం ఆ బొమ్మ గురించి.

పుస్తకాల మీద రాయాల్సిన చోట ఆటో రంగుల మీద రాతేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. మన అమ్మలు పుస్తకాలు రాయలేదు. కుట్టారు, పాడారు, గోడలకు ముగ్గు పెట్టారు. కథలకూ కవితలకూ పెట్టే గీటురాయి వాటికీ పెట్టాలి. మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి, తప్పుంటే తప్పు అనాలి. అలా చేయనంతకాలం మన విమర్శ సగం విమర్శే.

ముందు బొమ్మ ఎలా ఉందో చెప్పాలి. నడుమ ఎర్రరంగులో ‘యాడీ’ అన్న రెండక్షరాలు. మా గోర్ బోలిలో యాడి అంటే అమ్మ. మా భాషకు సొంత లిపి లేదు కాబట్టి తెలుగులోనే రాయించుకున్నాడు. దాని చుట్టూ ఒక అంచు: ఎరుపు, పసుపు, నీలం త్రికోణాలు వరసగా, వాటి మధ్య తెల్ల చుక్కలు, కింద గవ్వల లాంటి చిన్న చిన్న గీతలు. ఆ అంచు వాళ్ళమ్మ పాత ఫేటియాది. గుడ్డ చిరిగిపోయాక అంచు ముక్కను ఆమె పెట్టెలో దాచింది. కొడుకు దాన్ని తీసుకెళ్ళి తిరువూరులో బోర్డులు రాసే ఆయన ముందు పెట్టి, “అన్నా, ఇది ఉన్నదున్నట్టు దించాలి” అన్నాడట.

ఆ పెయింటరు మొదట యాడీని డాడీ అనుకున్నాడు. “మొదటి అక్షరం తప్పు చెప్పావు తమ్ముడూ” అని దిద్దబోయాడు. ఈయన నవ్వి, అది తప్పు కాదు, మా అమ్మ అని చెప్పాడట. ఈ సంగతి మాకు చెబుతూ ఆయన మళ్ళీ నవ్వాడు. మాకు మాత్రం నవ్వు పూర్తిగా రాలేదు. ఇంతకాలంగా పక్కపక్కన బతుకుతున్న ఊళ్ళో మా అమ్మను పిలిచే మాట ఇంకా అక్షరదోషంలాగే కనిపిస్తోంది.

ఇక పని ఎలా ఉందంటే, రేకును ఎంచుకోవడం తెలివైన పని. ఈనాటి ఆటోల్లో చాలావరకు ప్లాస్టిక్కే. ప్లాస్టిక్కు మీద ఎనామిల్ పూస్తే ఎండకు, అదురుకు పొరలుగా లేస్తుంది. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టకపోతే రంగు పట్టుకోదు. రేకు మీద అదే రంగు ఏళ్ళ తరబడి ఉంటుంది. త్రికోణాల వరస కూడా బాగా వచ్చింది. మొదట పెయింటరు వాటిని స్కేలు పెట్టి గీశాడు. తల్లి వచ్చి చూసి, ఇలా బిగుసుకుపోకూడదు, సూది నడక ఇలా ఉండదు అని వేలితో చూపించిందట. రెండోసారి స్కేలు పక్కన పడేసి ఒట్టి చేత్తో వేశాడు. అందుకే ఒక్కో త్రికోణం ఒక్కో రకంగా కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపే ఆ బొమ్మకు ప్రాణం. ఎరుపు పక్కన పసుపు రావాలా నీలం రావాలా అన్నదీ ఆమే తేల్చింది.

లోపం అద్దాల దగ్గర ఉంది. మా కుట్టుపనిలో అద్దం ముక్కకు ఒక పని ఉంటుంది. అది వెలుగును పట్టి తిరిగి విసురుతుంది, దగ్గరికి వస్తే మొహం చూపుతుంది. దాని స్థానంలో పెయింటరు తెల్ల చుక్క పెట్టాడు. చుక్క చుక్కగానే ఉండిపోయింది. వెండిరంగుతో ప్రయత్నించినా బాగుండేదేమో. అసలు అద్దం ముక్కలే అతికించి, చుట్టూ రంగు వేయాల్సిందని మా అభిప్రాయం. కుడిచివర చోటు చాలక ఒక తామరపువ్వు వేసి ముగించాడు. ఆ పువ్వు ఫేటియాలో లేదు. బోర్డులు రాసే చేతికి అలవాటైన పువ్వు అది. మిగతా బొమ్మ అమ్మ మాట విన్నది, ఆ మూల మాత్రం బజారు మాట విన్నది.

వాహనాన్ని అలంకరించుకోవడం మాకు కొత్త కాదు. లదేణి కాలంలో మా వాళ్ళు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగారు. ఆ ఎద్దులకు గవ్వలతో, అద్దాలతో కుట్టిన గుడ్డలు కప్పేవారు. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం తర్వాత ఎన్నో సంచార జాతుల తిరుగుడే నేరమైపోయింది. ఎద్దు పోయింది, బరువు మోసే బతుకు పోలేదు. ఈ రోజు ఆటో నడిపే మా కుర్రవాడు లదేణి గురించి చదివి ఉండకపోవచ్చు. అయినా బండి కొనగానే దానికి అమ్మ గుడ్డ కప్పాలనిపించింది. అతను రంగుతో కప్పాడు.

దీనికి ఎదురుగా మరో రకం ఉంది. సీటు కవర్ల దుకాణాల్లో మా కుట్టును పోలిన అచ్చు వేసిన రెగ్జిన్ దొరుకుతుంది. బంజారా డిజైన్ అని అమ్ముతారు. అందులో అద్దాలు ఫొటోలో అద్దాల్లాగా మెరుస్తాయి, త్రికోణాలన్నీ ఒక్క కొలతలో ఉంటాయి. పనితనం లెక్కన ఆటోలోని బొమ్మ కంటే అదే శుభ్రంగా ఉందని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ అంచును మొదట ఏ తండాలో ఏ తల్లి కుట్టిందో ఆ రెగ్జిన్‌కు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. మనిషిని తీసేసి నమూనాను మాత్రం ఉంచుకున్నారు. మన పాటలకూ కథలకూ ఇదే జరిగింది. సేకరించినవాళ్ళ పేరు అట్ట మీద, పాడినవాళ్ళు లోపలి పేజీలో ‘ఒక గిరిజన స్త్రీ’.

తిరువూరు మీదుగా విజయవాడ వైపు నుంచి జగదల్‌పూర్ దాకా వెళ్ళే రోడ్డును ఒకప్పుడు 221 అనేవాళ్ళు, ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి. ఈ దారి మొదట్లో కొండపల్లి ఉంది. అక్కడ తెల్లపొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన సన్న కుంచెతో రంగులు దిద్దుతారు. వేలెడు బొమ్మకు కూడా చీర అంచు ఉంటుంది. ఆ ఊరి పేరే ఆ పనికి గుర్తింపు అయింది, భౌగోళిక గుర్తింపూ వచ్చింది. చిన్న చోట చేయి తిప్పే విద్యకు ఈ నేల మీద గౌరవం లేదనలేం. ఆ గౌరవం ఆటో దాకా రాలేదు, అంతే.

ఆటో దాకా రాకముందే ఆ చేతులు ఖాళీ అయ్యాయి. ఒకప్పుడు దుకాణం బోర్డూ, లారీ నంబరూ, సినిమా గోడ రాతా అన్నీ కుంచెతోనే. బోర్డు మూలన ఫలానా ఆర్ట్స్ అని పెయింటరు తన పేరు వేసుకునేవాడు. ఫ్లెక్సులు, రేడియం స్టిక్కర్లు వచ్చాక ఆ మూల పోయింది, పేరూ పోయింది. మా ఆటోకు రంగు వేసినాయన ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళకు సున్నాలు వేస్తున్నాడు.

ఇదే విద్య ఇంకొక చోట ఎలా బతికిందో చూడండి. ఇంగ్లండులో మార్క్ కోర్ట్ అనే ఆయన మొదట్లో మన పెయింటర్లలాగే పల్లెల్లో బోర్డులు రాసేవాడు. తర్వాత గుడ్‌వుడ్‌లోని రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో చేరాడు. కారు పక్కన పొడుగునా సాగే సన్నగీతను ఉడత వెంట్రుకల కుంచెతో గీయడం ఆయన పని. ఒక్క గీతకు మూడు గంటల దాకా పడుతుంది. తుడిచి మళ్ళీ గీసే వీలు లేదు. చేత్తో గీసిన గీత అని చెప్పి ఆ కంపెనీ కారుకు విలువ పెంచుకుంటోంది, గీసిన మనిషి పేరు లోకానికి చెబుతోంది. తిరువూరులో అదే చేతిపని పాతబడిపోయిన పని. తేడా నైపుణ్యంలో లేదు. ఎవరి బండి మీద గీశారన్నదే తేడా.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉంది. ఎన్డెబెలె జాతి చిత్రకారిణి ఎస్తేర్ మహ్లాంగు 1935లో పుట్టారు. పదేళ్ళ వయసులో తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర గోడలకు బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. స్కేలు వాడరు, కోడి ఈకే కుంచె. 1991లో బీఎండబ్ల్యూ 525 కారు ఒంటినిండా తన జాతి బొమ్మలు వేశారు. ఆ కంపెనీ కళాకారులతో వేయించే కార్ల వరసలో మొదటి మహిళ ఆమే. 2016లో మళ్ళీ పిలిచారు. ఈసారి బయట కాదు, 7 సిరీస్ కారు లోపలి చెక్కపట్టీల మీద. డ్యాష్‌బోర్డు పొడుగునా, తలుపుల లోపలా ఆ త్రికోణాలు, నల్ల గీతలు, ముదురు రంగులు. ఆ కారును లండన్ కళాప్రదర్శనలో పెట్టారు, తర్వాత దానధర్మం కోసం వేలం వేశారు.

ఆ రెండు కార్ల ఫొటోలు మేము పక్కపక్కన పెట్టి చూశాం. పనితనంలో రెండోదే మెరుగు. చెక్క మీద గీత సన్నగా, నిబ్బరంగా నిలిచింది. అయినా మాకు మొదటిదే పెద్దదనిపించింది. కారణం ఆ బొమ్మల చరిత్రలో ఉంది. 1883లో బోయర్ల చేతిలో ఓడిన తర్వాత ఎన్డెబెలెల భూములు లాక్కున్నారు, మనుషులను తెల్లవాళ్ళ పొలాలకు వెట్టికి పంచిపెట్టారు. చెదిరిపోయిన ఆ జాతి ఆడవాళ్ళు ఇళ్ళ గోడల మీద వేసిన బొమ్మలు వాళ్ళ గుర్తు అయ్యాయి. దారిన పోయేవాడు చూసి, ఇక్కడ మేమున్నాం అని తెలుసుకోవాలి. బయటికి మాట్లాడే బొమ్మలు అవి. 1991 కారు ఆ మాటను రోడ్డు మీదికి తీసుకుపోయింది. 2016 కారులో ఆ మాట తలుపులు వేసుకుంది. ఇప్పుడు అది కొన్నవాడికి మాత్రమే వినిపిస్తుంది, అతనికి ఆ భాష రాదు. ఇది మహ్లాంగు తప్పు అనడం లేదు. ఆమె పేరు ఆ కారుతోపాటు ప్రయాణిస్తోంది, అది చిన్న విజయం కాదు. కానీ పేరు దక్కినంత మాత్రాన బొమ్మకు దాని చోటు దక్కినట్టు కాదని ఆ కారు చూస్తే తెలుస్తుంది.

అలాగని లోపలి బొమ్మ తక్కువదని కాదు. ఇదే రోడ్డు మీద ముందుకు పోతే భద్రాచలం వైపు కోయగూడేలున్నాయి. కోయల పడిగె చూడండి. గుడ్డ మీద ఆ గోత్రం పుట్టుక కథ బొమ్మల్లో ఉంటుంది. దాన్ని రోజూ గోడకు తగిలించరు. సమయం వచ్చినప్పుడు తీస్తారు, డోలీలు పాడి కథ చెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య ఆ సంప్రదాయంలో పాడిన మనిషి. అక్కడ బొమ్మ లోపలిదే. కానీ చదవగలిగినవాడు, వినాల్సినవాళ్ళు ఎదురుగా ఉంటారు. కథ తెలిసిన కళ్ళు చూసేటప్పుడు దాచిన బొమ్మకైనా లోటు లేదు.

మా ఆటో బొమ్మను ఈ కొలతతో చూస్తే అది నెగ్గింది. దాన్ని రోజూ చూసేవాడికి అది ఎవరి గుడ్డో తెలుసు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు దాన్ని చూసి, మా అత్త అంచు కూడా ఇలాగే ఉండేదని మాట్లాడుకుంటారు. ఒక పెద్దామె మూలనున్న తామరపువ్వును చూపించి ఇదెక్కడిదని అడిగింది. మాకంటే ముందు ఆ బొమ్మను విమర్శించింది ఆమే.

వాయిదాలు కట్టలేక ఆటో ఫైనాన్స్ వాళ్ళు లాక్కుపోతుంటే బొమ్మల గురించి మాటలా అని మాలోనే ఒకరు అడిగారు. న్యాయమైన మాటే. బండిని తీసుకుపోతే బొమ్మ కూడా పోతుంది. అప్పు ఇచ్చినవాడి లెక్కలో ఆ జానెడు రంగుకు పైసా విలువ ఉండదు. కొనుక్కున్న కొత్తాయన మొదట గీకేసేది దాన్నే. మేము రాస్తున్నది కూడా అందుకే. గీకేయడానికి ముందు అది ఏమిటో, ఎవరిదో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

అందుకని ఆటో ఆయనను ఒకటి అడిగాం. గుడ్డ కుట్టిన అమ్మ పేరూ, రంగు వేసిన పెయింటరు పేరూ ఈ వ్యాసంలో వేస్తామన్నాం. కాసేపు ఆలోచించి వద్దన్నాడు. పుస్తకం ఎవరు చదువుతారో తనకు తెలియదట, ఆటో ఎక్కేవాళ్ళు తెలుసట. సంక్రాంతికి మళ్ళీ రంగు తగిలిస్తున్నాడు. అప్పుడు తామరపువ్వు తీసేయించి, ఆ మూలన ఇద్దరి పేర్లూ రాయిస్తానన్నాడు. అద్దం ముక్కలు మేము కొనిస్తామని చెప్పాం.