అడుగడుగునా కనిపించే ప్రాసెసర్

ప్రాసెసర్ పనితీరు గురించి పుస్తకాల్లో చదివినవాళ్లు చాలామందే ఉంటారు, కళ్లారా చూసినవాళ్లు మాత్రం అరుదు. సెకనుకు లక్షల సార్లు కొట్టుకునే క్లాక్‌ను ఏ కన్నూ అందుకోలేదు. ఆ వేగాన్ని మన చూపు అందుకునేంతగా తగ్గించడానికి ఔత్సాహికులు ఎంచుకున్న మార్గం ఒకటుంది: పాత జెడ్80 చిప్‌ను ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో నడపడం.

ఇంటెల్‌లో 8080 చిప్ రూపకల్పనలో పాలుపంచుకున్న ఫెడెరికో ఫాగిన్, మసతోషి షిమా ఆ తర్వాత జైలాగ్ సంస్థలో జెడ్80కి ప్రాణం పోశారు. అది 1976లో మార్కెట్లోకి వచ్చింది. 40 కాళ్లు, సుమారు 8,500 ట్రాన్సిస్టర్లు. 16 అడ్రస్ లైన్లతో 64 కిలోబైట్ల మెమరీని అందుకోగలదు. 1982లో బ్రిటన్‌లో విడుదలైన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ దీనిమీదే నడిచింది.

ఈ చిప్ ఒంటరిగా ఏమీ చేయలేదు. 5 వోల్టుల కరెంటు, క్లాక్, మెమరీ ఉండాలి. ఈ మూడింటినీ ఆర్డుయినో మెగా బోర్డు ఒక్కటే సమకూరుస్తుంది. దానికి 54 డిజిటల్ పిన్నులున్నాయి, అదీ 5 వోల్టుల మీదే పనిచేస్తుంది. ఒక పిన్నును ఆన్, ఆఫ్ చేస్తూ ఉంటే అదే క్లాక్. మన ప్రోగ్రాంలో రాసుకున్న అంకెల వరసే మెమరీ. చిప్‌లో జెడ్84సి00 అనే సీమాస్ రకం తీసుకోవాలి. క్లాక్‌ను ఎంతసేపు ఆపినా దాని రిజిస్టర్లలోని విలువలు చెదరవు. తొలినాటి ఎన్‌మాస్ రకానికి ఆ భరోసా లేదు.

వైర్లు కలిపేటప్పుడు డేటా కాళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. అవి వరసగా ఉండవు. 7 నుంచి 10 వరకు డి4, డి3, డి5, డి6 ఉంటాయి. 11వ కాలు పవర్‌ది. ఆ తర్వాత 12 నుంచి 15 వరకు డి2, డి7, డి0, డి1. వాడని వెయిట్, ఇంటరప్ట్, బస్ రిక్వెస్ట్ కాళ్లను గాలికి వదలకుండా 5 వోల్టులకు కట్టాలి. చిప్ చదవడానికి సిద్ధమైనప్పుడే ఆర్డుయినో డేటా లైన్ల మీద విలువ పెట్టాలి, చదవడం అయిపోగానే తప్పుకోవాలి. రెండూ ఒకేసారి విలువ పెడితే చిప్ పాడయ్యే ప్రమాదముంది.

ఇప్పుడు మెమరీలో హెక్సాడెసిమల్ అంకెల్లో ఏడు బైట్లు పెడదాం: 3ఈ 05, సి6 03, డి3 01, 76. అంటే ఐదును తీసుకో, మూడు కలుపు, ఒకటో పోర్టుకు పంపు, ఆగు. రీసెట్ వదలగానే చిప్ సున్నా అడ్రస్‌ను అడుగుతుంది. మెమరీని కోరే ఎంరెక్, చదువుతున్నట్టు చెప్పే ఆర్‌డీ లైన్లు కిందికి దిగుతాయి, ఆర్డుయినో 3ఈ అందిస్తుంది. తర్వాత ఒకటో అడ్రస్, 05. అలా సాగి పోర్టును కోరే ఐఓరెక్, రాస్తున్నట్టు చెప్పే డబ్ల్యూఆర్ లైన్లు దిగినప్పుడు డేటా లైన్ల మీద 08 కనిపిస్తుంది. చివర హాల్ట్ కాలు దిగుతుంది. మొత్తం 29 క్లాకులు. తొలి జెడ్80 తన 2.5 మెగాహెర్ట్జ్ వేగంతో దీన్ని 12 మైక్రోసెకన్ల లోపే ముగించేది. మనం సెకనుకో క్లాక్ ఇస్తే అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో ప్రతి అడుగునూ ఆపి చూడొచ్చు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో 8085 కిట్ మీద పనిచేసినవారు ఈ ఏడు బైట్లనూ గుర్తుపడతారు. రెండు చిప్‌లూ 8080 వారసత్వంలోనివే కనుక 8085లోనూ ఇవే కోడ్‌లు ఇదే పని చేస్తాయి. కిట్‌లో కోడ్ కొట్టి జవాబు చూశాం. ఆ రెంటికీ మధ్య జరిగేది ఇక్కడ కనిపిస్తుంది. ఆదేశాన్ని తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అమలు చేయడం అనే ఆ క్రమమే నేటి ఫోన్ ప్రాసెసర్‌కూ పునాది.

జెడ్84సి00 ఉత్పత్తికి స్వస్తి పలుకుతున్నట్టు జైలాగ్ 2024లో ప్రకటించి, ఆ ఏడాది జూన్ వరకే ఆర్డర్లు తీసుకుంది. కాబట్టి పాత బోర్డులను తుక్కుకు వేసేముందు వాటి మీది చిప్‌లను ఒకసారి చూడండి. పనిచేసే జెడ్80 దొరికితే దాన్ని ఓ విద్యార్థి చేతిలో, ఒక ఆర్డుయినోతో కలిపి పెట్టండి.