చెప్పినాయన పేరెక్కడ?

కొన్నేళ్ళ క్రితం ఆరిజోనాలో కాన్యన్ డి షే చూసి వస్తూ, విండో రాక్ దగ్గరున్న సెయింట్ మైకేల్స్‌లో ఆగాం. పిల్లలు ఆకలంటున్నారు. పాత మిషన్ భవనంలో పది నిముషాలు తిరిగి బయటపడ్డాం కానీ, బెరార్డ్ హేలీ అన్న పేరు మాత్రం నాతో ఇంటికొచ్చింది. ఆయన పుస్తకాలు లైబ్రరీ నుంచి ఒక్కొక్కటే తెప్పించుకుని రెండేళ్ళపాటు చదివాను. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను, ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి. అది మనసులో పెట్టుకుని నా మాట వినండి.

హేలీ 1874లో ఒహాయోలో పుట్టిన ఫ్రాన్సిస్కన్ ఫాదరీ. 1900లో నవహోల మధ్యకు వచ్చి అర్ధశతాబ్దం పైగా వాళ్ళ భాషతోనే గడిపాడు. వచ్చింది మతం చెప్పడానికి, భాష అందుకు పనిముట్టు. కానీ 1910లో ఆ మిషన్ ప్రచురించిన ఎత్నలాజిక్ డిక్షనరీ తిరగేస్తే, మతబోధకు ఇంత అవసరమా అనిపిస్తుంది. మాటలు అకారాదిగా కాక విషయాల వారీగా ఉంటాయి: ఇల్లు, నేత, వెండిపని, తంతులు. రచయితగా హేలీ పేరుండదు, ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు అని మాత్రమే ఉంటుంది.

ఆ నిఘంటువు బలం వస్తువుల పేర్లలో. నవహో ప్రాణమేమో క్రియలో ఉంది. పుస్తకమైనా తాడైనా మనకు 'ఇవ్వు' అంటే సరిపోతుంది. నవహోలో ఆ వస్తువు గుండ్రంగా గట్టిగా ఉందా, కర్రలా పొడుగ్గా ఉందా, తాడులాంటిదా, గుడ్డలా మడతపడేదా, ముద్దలా ఉందా, మూతలేని గిన్నెలో ఉందా అన్నదాన్ని బట్టి ధాతువే మారిపోతుంది. మా వృత్తిలో దీన్ని టైప్ చెకింగ్ అంటాం. అదేదో మేమే కనిపెట్టామనుకుంటాం కూడా. ఎడ్వర్డ్ సపీర్‌తో కలిసి పనిచేసిన హేలీ ఈ ధాతువుల వెంటే పడ్డాడు. 1950లో మొదలై వచ్చిన స్టెమ్ వొకాబ్యులరీ ఆ శ్రమ ఫలితం. పేర్ల దగ్గర బయల్దేరి ధాతువుల దాకా నలభై ఏళ్ళు నడిచాడు. నా మటుకు ఆయన గొప్పతనం ఆ నడకలో ఉంది.

నవహోల తంతులు నడిపే మనిషిని హతాలి అంటారు, గాయకుడని అర్థం. రాత్రుల తరబడి సాగే పాటలు, వాటి వెనక కథలు, అన్నీ కంఠస్థం. హేలీ వాటిని నవహోలోనే రాసుకుని ఇంగ్లీషు జతచేశాడు. 1938లో వచ్చిన ఎనిమీ వే పుస్తకం, పరాయివాళ్ళ ప్రేతాల వల్ల పట్టిన జబ్బుకు చేసే తంతు కథ. కొన్నేళ్ళకే, రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన నవహో సైనికులకు ఇదే తంతు చేయించారు. సర్కారీ హాస్టలు బళ్ళలో నవహో మాట్లాడిన పిల్లల్ని శిక్షిస్తున్న కాలంలో ఒక ఫాదరీ ఈ పని చేశాడంటే చిన్న విషయం కాదు.

అయినా నాకొక అభ్యంతరముంది. బ్లెస్సింగ్ వే కథను ముగ్గురు హతాలీలు, స్లిమ్ కర్లీ, ఫ్రాంక్ మిచెల్, రివర్ జంక్షన్ కర్లీ, ఎవరి పాఠం వాళ్ళు హేలీకి చెప్పారు. 1961లో హేలీ పోయాక, 1970లో అది అచ్చయింది. పుస్తకం మీద సంపాదకుడు వైమన్ పేరు, సేకరించి అనువదించినందుకు హేలీ పేరు. చెప్పినవాళ్ళు మాత్రం లోపలి పేజీల్లో ఉంటారు. మనకు బ్రౌన్ దొర వేమనను అచ్చువేశాడు. వేమన పేరు ఎక్కడికీ పోలేదు, అది పద్యంలోనే ఉందాయె. ఈ హతాలీలకు ఆ సౌకర్యం లేదు. సంకలనకర్తకూ రచయితకూ తేడా ఉందని, సోర్స్ కోడ్‌లో ఎవరి వరుస ఎవరిదో పేచీలు పడే మాబోటివాళ్ళకైనా తట్టాలి.

ఇంకొకటి. నవహోలు కొన్ని కథలు చలికాలంలో తప్ప చెప్పరు. అచ్చయ్యాక ఋతువేముంది? నేను జులైలో చదివాను, ఏసీ కింద కూచుని.

హేలీ వాడిన రాతపద్ధతి కూడా నిలవలేదు. రాబర్ట్ యంగ్, నవహో మనిషైన విలియమ్ మోర్గన్ కలిసి 1943లో తెచ్చిన నిఘంటువు దారిదే ఇప్పటి రాత. అక్కడ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఫ్రాంక్ మిచెల్ చెప్పుకున్న ఆత్మకథ 1978లో ఆయన పేరుతోనే వచ్చింది. చదవదలుచుకుంటే ముందు అది చదివి, హేలీ దగ్గరకు తరవాత వెళ్ళండి. నేను తిరగేసి చదివాను.