బొబ్బరి గింజలో పనితనం

పెనుబల్లి నుంచి కనకగిరి గుట్టల వైపు వెళ్తుంటే ఇప్పుడు ఎటు చూసినా మామిడి, పామాయిల్, జామాయిల్ తోటలే. ఆ అడవి అంచు గూడేల్లో జొన్న, కంది వరసల మధ్య బొబ్బర్లు చల్లే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అలాంటి నాటు బొబ్బర్లను చేటలో పలచగా పరిచి, వెలుతురులో పెట్టి చూడండి. తెల్లనివి, గోధుమ రంగువి, ఎర్రనివి, నల్లనివి, చుక్కలు చిలకరించినవి, నల్లకన్ను ఉన్నవి. దుకాణంలో కొన్న సంచిలో ఇన్ని రకాలుంటే కల్తీ అంటాం. ఇక్కడ మాత్రం అది తరతరాలుగా ఏరి, దాచి, మళ్లీ విత్తిన ఆడవాళ్ల పనితనం.

ఆ నల్లకన్ను సంగతే చూద్దాం. లేత కాయ నుంచి ముదురు కాయ దాకా వరసగా ఒలిచి చూస్తే గింజకు రంగు ఎలా పడుతుందో తెలుస్తుంది. మొదట రంగే ఉండదు. తర్వాత గింజ కాయకు అతుక్కుని ఉన్న చోట చిన్న మరక పుడుతుంది. అది చుట్టూ వలయంగా విస్తరిస్తుంది, ఆపైన అంచుల వెంట పాకి గింజంతా కమ్ముకుంటుంది. నల్లకన్ను రకంలో ఆ రంగు వలయం దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో స్పిల్‌మన్ అనే శాస్త్రవేత్త 1911 నాటికే ఈ మచ్చలు తరం నుంచి తరానికి ఎలా దిగుతాయో పరిశీలించాడు. రంగు ఎక్కడ ఆగాలో తేల్చే జన్యు స్థానాల వివరాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు 2019లో ప్రచురించారు.

ఇన్ని రంగులు ఒకే చేలో కలిసిపోకుండా ఎలా నిలిచాయి? బొబ్బరి పువ్వు తెల్లవారుతూ విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. విచ్చేలోపే దాని పుప్పొడి దానికే అంది, పని చాలావరకు ముగిసిపోతుంది. అందుకే పక్కపక్కనే పెరిగినా ఎర్రది ఎర్రదిగా, నల్లది నల్లదిగా కాస్తాయి. ఎప్పుడైనా తేనెటీగ వల్ల రెండు రకాలు కలిస్తే, ఆ గింజ మొలిచి పెరిగిన మొక్క కొత్త రంగు చూపించవచ్చు. దాన్ని పప్పులో వేసెయ్యాలా, వేరే మూట కట్టి దాచాలా అన్నది చేట పట్టిన మనిషి నిర్ణయం. ఇన్ని రకాలు మనదాకా వచ్చాయంటే, వేరే మూట కట్టినవాళ్లు ఎందరో ఉన్నారన్నమాట.

మొక్కలోనూ తేడాలు తక్కువేం కాదు. ఒకటి గుబురుగా నిలబడుతుంది. ఇంకొకటి తీగ సాగి జొన్న కర్రనెక్కుతుంది, లేదా నేలంతా పరుచుకుని కలుపును అణిచి, కాయలు కోశాక పశువులకు మేతవుతుంది. గుబురు రకాలు రెండు నెలలు దాటగానే కోతకొస్తాయి. పాత తీగ రకాల్లో చాలావాటికి పగటి పొద్దే గడియారం: కాస్త ముందూ వెనకా విత్తినా, పొద్దు తగ్గి వానలు వెనకబట్టే వేళకే పూతకొస్తాయి. కాయ ఎండటానికి అప్పుడు ఆకాశం తెరిపిగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కాయలు మోసే కాడ. కొన్ని రకాల్లో అది పొట్టిగా ఉండి కాయలు ఆకుల్లోనే దాక్కుంటాయి. కొన్నిటిలో పొడుగ్గా పైకి లేచి, చివర రెండు కాయలను ఎడంగా పట్టుకుంటుంది. మారుకా మచ్చల పురుగు ఆకునూ పువ్వునూ కాయనూ గూడు అల్లి, లోపల దాక్కుని తింటుంది. దేనికీ తగలకుండా ఎడంగా నిలిచిన కాయ దానికి అంత సులువుగా చిక్కదు. అలాంటి కాయను వంగి వెతక్కుండా కోసుకోవచ్చు కూడా. వెతుకులాట లేకుండా చేతికందిన కాయనే విత్తనానికి ఉంచడం సహజం. అలా ఏరిన చేతికి తెలియకుండానే పురుగు నుంచి రక్షణ కూడా విత్తనంలోకి చేరుతూ వచ్చి ఉంటుంది.

ఈ తేడాలను కొలవడానికి శాస్త్రవేత్తలకూ పద్ధతి ఉంది. మొక్క తీరు, పువ్వు రంగు, కాయ పొడవు, కాయలో గింజలెన్ని, నూరు గింజల తూకమెంత అని ఒక్కో గుణం రాసుకుంటారు. నూరు గింజలు చిన్న రకాల్లో 10 గ్రాములైనా తూగవు, పెద్ద రకాల్లో 20 గ్రాములు దాటుతాయి. జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. విత్తనాలను శీతల గదుల్లో భద్రపరచడం ఆ బ్యూరో చేసే పనుల్లో ఒకటి. అది అవసరమైన పనే. కానీ శీతల గదిలోని గింజకు కొత్త పురుగు తెలియదు, మారిన వాన తెలియదు. అవి తెలిసేది ఏటేటా చేలో పడ్డ గింజకే.

2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కింద ఇలాంటి రైతు రకాలను రైతుల పేరు మీదే, రుసుము లేకుండా నమోదు చేసుకోవచ్చు. పెనుబల్లి చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత బొబ్బర్లు ఉంటే రంగు రంగుకీ వేరే మూట కట్టండి. ఊరి పేరు, విత్తే నెల, తీగో గుబురో ఒక చీటీ మీద రాసి మూటలో పెట్టండి. ఒక గుప్పెడు వైరా కృషి విజ్ఞాన కేంద్రానికి చూపించి నమోదు సంగతి అడగండి. మిగిలింది వచ్చే వానాకాలం చేలో వేయండి.