ఏథెన్సు అడిగింది, ఓరుగల్లు అడగలేదు

నగరానికి కోటగోడలు వద్దన్నాడు ప్లేటో. చివరి రోజుల్లో రాసిన 'చట్టాలు' గ్రంథంలో ఆ మాట ఉంది. గోడ ఉందన్న ధీమాతో పౌరులు ఒళ్లు దాచుకుంటారని ఆయన భయం. ఖిలా వరంగల్‌లో మట్టికోట దాటి రాతికోటలోకి ఆటో తిరిగినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. గణపతిదేవుడు కట్టించిన ఆ గోడను కూతురు రుద్రమ ఎత్తు పెంచి బలపరిచింది. ప్లేటో ఓరుగల్లులో మంత్రిగా చేరి ఉంటే మొదటి రోజే కొలువు ఊడేది.

ప్లేటో 'రిపబ్లిక్' క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు సంభాషణ. దాని పక్కన నేను పెడుతున్నవి పదమూడో శతాబ్దపు కాకతీయ రాజ్యానివి: బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, మోటుపల్లి శాసనం, మల్కాపురం శాసనం. మధ్యలో పదహారు వందల ఏళ్లున్నాయి. పైగా అటు ఊహానగరం, ఇటు నిజంగా పన్నులు వసూలు చేసిన రాజ్యం. అయినా న్యాయమంటే ఏమిటి, తెలివి ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు ఏలాలి అన్న మూడు ప్రశ్నల దగ్గర రెండూ ఎదురుపడతాయి. మూడో ప్రశ్నను ఏథెన్సు నోరు తెరిచి అడిగింది. ఓరుగల్లు అడగలేదు. నా పేచీ అంతా అక్కడే.

ముందు న్యాయం. రిపబ్లిక్ మొదటి భాగంలోనే థ్రాసిమాకస్ విరుచుకుపడతాడు: బలవంతుడికి లాభించేదే న్యాయం, మిగతాదంతా కబుర్లు అని. తర్వాత గ్లాకన్ ఇంకా పదునైన ప్రశ్న వేస్తాడు. రాయి అరచేతివైపు తిప్పితే ఎవరికీ కనిపించకుండా చేసే గైజెస్ ఉంగరం దొరికితే ఎవడైనా న్యాయంగా ఉంటాడా? ఫలితం కోసం కాకుండా న్యాయాన్ని న్యాయం కోసమే కోరేవాడు ఉన్నాడా? దీనికి జవాబు వెతకడానికే సోక్రటీసు ఒక నగరాన్నంతా ఊహించాల్సి వచ్చింది. ఆ సోక్రటీసుకే క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయసభ ఓట్లు వేసి విషపాత్ర చేతికిచ్చింది. ప్లేటోకి గుంపు పాలన మీద ఎందుకంత గుర్రో వేరే చెప్పక్కర్లేదు.

బద్దెనకు ఈ బెంగ లేదు. సుమతీ శతకం ఈయనదేనంటారు, ఆ పద్యాల్లో మాత్రం ఈయన పేరు కనిపించదు. నీతిశాస్త్ర ముక్తావళి సంగతి వేరు, అది రాజుకు చెప్పిన పాఠం. ధనం కావాలంటే ప్రజ బాగుండాలి, ప్రజ బాగుండాలంటే న్యాయం ఉండాలి, కాబట్టి రాజుకు న్యాయమే బొక్కసం. ఆయన తర్కం ఇదీ. గ్లాకన్ వింటే, ఇది ఫలం కోసం చేసే న్యాయమే కదా అని నవ్వేవాడు. నవ్వనివ్వండి. థ్రాసిమాకస్‌కు ఇంతకన్నా సూటి జవాబు నాకు రిపబ్లిక్‌లోనూ కనిపించలేదు. బలవంతుడి లాభమే న్యాయమైతే, ఆ లాభం అన్యాయంతో నిలవదని బలవంతుడికే లెక్క వేసి చూపించాడు బద్దెన.

ఆ లెక్క రాతికెక్కిన చోటు మోటుపల్లి రేవు. అంతకు ముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు బలవంతంగా లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో శాసనం వేయించి ఆ అలవాటు మాన్పించాడు. ప్రాణంకన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించి వచ్చే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నామన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైలో ఒకటో వంతు. సరుకుల వారీగా రేట్లు కూడా చెక్కించాడు. రాజు తన చేతిని తానే కట్టేసుకుని, ఆ ముడిని రేవులో దిగిన ప్రతివాడికీ కనబడేలా నిలబెట్టాడు. రిపబ్లిక్‌లోని పాలకుడికి ఇలాంటి రాయి అవసరం లేదు. అతనికి తెలుసు గనక అతని మాటే చట్టం. సిరక్యూస్‌కు మూడుసార్లు వెళ్లి, రెండో డయోనిసియస్‌ను తత్వవేత్తగా మలచబోయి భంగపడ్డాక, చట్టమే పాలకుడికి పాలకుడు కావాలన్న చోటుకు ప్లేటో కూడా చేరాడు. అందుకు ఆయనకు ఒక జీవితకాలం పట్టింది.

ఓరుగల్లును మరీ నెత్తిన పెట్టుకోకముందు అదే మోటుపల్లి రాయిలో ఇంకో సంగతి చూడాలి. చాలా శాసనాల్లో కాకతీయులు దుర్జయ వంశీకులు, నాలుగో వర్ణం వారు. దాన్ని దాచుకోనూ లేదు. ఈ శాసనంలో మాత్రం వంశం సూర్యుడి దాకా, ఇక్ష్వాకు, రాముల దాకా ఎగబాకింది. ప్లేటో దీన్ని వెంటనే గుర్తుపట్టేవాడు. నగరం నిలవాలంటే ఒక గొప్ప అబద్ధం చెప్పాలన్నది ఆయనే. కొందరిని బంగారం కలిపి, కొందరిని వెండి, ఇత్తడి, ఇనుము కలిపి దేవుడు చేశాడని పిల్లలకు నూరిపోయాలన్నాడు. కాకపోతే ఇత్తడి తల్లిదండ్రులకు బంగారు బిడ్డ పుడితే పైకి తీసుకురావాలి, బంగారం ఇంట ఇనుము పుడితే కిందికి దించాలి అని షరతు పెట్టాడు. మన శాసనకవి అబద్ధం పుట్టుకను పైకి జరపడానికే, ప్రతిభను పైకి తేవడానికి కాదు. రెండు అబద్ధాల్లో ప్లేటోదే నయం.

ఇక తెలివి. ప్లేటో పాలకుడు ఇరవై నుంచి ముప్పై దాకా గణితం, ఆపై ఐదేళ్లు తర్కసంవాదం, తర్వాత పదిహేనేళ్లు కొలువు చేసి, యాభై ఏళ్లకు సింహాసనానికి పనికొస్తాడు. జ్ఞానమంతా ఒక తలలోకి పోయడం ఇది. ఓరుగల్లు జ్ఞానాన్ని పంచిపెట్టింది. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. కృష్ణ ఒడ్డున మందడం గ్రామం గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శివుడికి దానమైంది. ఆ ఆదాయంలో గుడికీ, చదువుకూ వాటాలు పోగా మిగిలినదాంట్లో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడవాలి. వేదం చెప్పేవారితో పాటు వ్యాకరణం, తర్కం చెప్పేవారికీ, వైద్యుడికీ, కరణానికీ జీతపు మాన్యాలున్నాయి. రాజు ఇన్ని విద్యలూ నేర్చి కూర్చోవాలని ఎవరూ అనలేదు, అవి ఊళ్లో ఉండేలా చూడాలన్నారు. ఈ విషయంలో నా ఓటు మందడానికే.

మూడో ప్రశ్న దగ్గర త్రాసు తిరగబడుతుంది. రిపబ్లిక్ ఐదో భాగంలో ప్లేటో కాపలా కుక్కల పోలిక తెచ్చాడు. ఆడకుక్కా మగకుక్కా కలిసే వేటాడుతున్నప్పుడు, ఆడది ఏలితే తప్పేమిటన్నాడు. ఎదుటివాళ్లు నవ్వుతారని ముందే చెప్పి మరీ అన్నాడు. శిష్యుడు అరిస్టాటిల్ ఈ మాటను మింగలేకపోయాడు. ఏథెన్సులో ఒక్క ఆడది కూడా సభలో ఓటు వేసింది లేదు. ఓరుగల్లులో 1262 నుంచి 1289 దాకా రుద్రమ నిజంగా ఏలింది. కానీ రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో ఏలింది. ఆడదాన్ని ఆడదిగా సింహాసనం మీద చూపించడానికి ఏథెన్సులో పుస్తకం సిద్ధపడింది, ఓరుగల్లులో శాసనం సిద్ధపడలేదు. మోటుపల్లి మీదుగా వెళ్లాడంటున్న మార్కో పోలో ఆమెను న్యాయం, శాంతి కోరే రాణి అని మెచ్చుకుంటూనే, చనిపోయిన రాజుకు భార్య అని రాసేశాడు. కూతురు వారసురాలైందన్న సంగతి ఆయన ఊహకు అందినట్టు లేదు.

ఎవరు ఏలాలన్న ప్రశ్నను ఓరుగల్లు బాహాటంగా అడగలేదు. అందుకే జవాబు చేతల్లో ఉన్నా, దానికి పేరు పెట్టుకోలేకపోయింది. కాయస్థ అంబదేవుడి లాంటి సామంతులు ఆ ప్రశ్నను కత్తితో అడిగారు.

రుద్రమ 1295 దాకా బతికిందని చరిత్ర పుస్తకాలు చాలాకాలం రాస్తూ వచ్చాయి. నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన రాయి దాన్ని సరిచేసింది. ఆ రాయి మీది తేదీ 1289 నవంబరు 27. చనిపోయిన రుద్రమకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం దక్కాలని సోమనాథ దేవుడికి భూమి ఇచ్చినట్టు అందులో ఉంది. ఆ దానం చేసింది రాజు కాదు, పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు.