మద్రాసులో మాస్టారు కట్టిన కూచిపూడి

కూచిపూడి ఊరు కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది. కూచిపూడి నాట్యం మాత్రం దాదాపు అర్ధశతాబ్దం మద్రాసులో కాపురం ఉంది. ఆ కాపురం పెట్టించినవారు వెంపటి చినసత్యం గారు. 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. 2012 జూలై 29న చెన్నైలోనే కన్నుమూశారు. ఆయన పోయాక వచ్చిన నివాళులు చాలావరకు బిరుదుల పట్టికలే. 1967లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1998లో పద్మభూషణ్, ఇంకా చాలా. బిరుదులు ఇంకెందరికో వచ్చాయి. ఆయన చేసిన పెద్ద పని వేరు. నాట్యం తప్ప మరో ధ్యాస లేకుండా కొన్నేళ్ళు బతకడానికి ఆడేవాళ్ళకు ఒక నెలవు కట్టారు. ఆ నెలవే లేకపోతే ఆ నృత్యనాటకాలూ ఉండేవి కావని నా గట్టి నమ్మకం.

కోయిలకుంట్లలో కూర్చుని కృష్ణా జిల్లా కళ గురించి నీకెందుకయ్యా అని మావాళ్ళే అంటారు. కానీ కూచిపూడి భాగవతుల గురించి దొరికే తొలి ప్రస్తావనల్లో ఒకటిగా పండితులు చెప్పే మాచుపల్లి కైఫియత్తు మన కడప సీమదే. సిద్ధవటం పాలించిన సమ్మెట గురవరాజు ప్రజల్ని పెట్టిన హింసలను భాగవతులు విజయనగర ప్రభువు ముందు ఆడి చూపించారని, ఆటకు అర్థం తెలుసుకున్న రాజు వాడికి తగిన శాస్తి చేయించాడని అందులో కథ. 1502 నాటి మాటంటారు. అర్జీ పట్టుకుపోయే ధైర్యం లేని రోజుల్లో సీమ రైతు గోడును మోసింది ఆ గజ్జెలే. ప్రహ్లాద నాటకం ఆడేవాళ్ళకు కథ జరిగిన చోటు మన అహోబిలం. ఉగ్రస్తంభం చూపించి స్వామి ఇక్కడే వెలిశాడని ఇప్పటికీ చెబుతారు. ప్రపంచమంతా కూచిపూడి ఆడి మెప్పించిన యామినీ కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో. కాబట్టి ఈ కళలో మనకూ వాటా ఉంది. అడిగి తీసుకోవడమే చేతకాలేదు.

మాస్టారు చినసత్యం గారి తొలి రోజులు క్లుప్తంగా చెప్పుకుందాం. 1929లో కూచిపూడిలో పుట్టారు. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గార్ల దగ్గర నేర్చుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా మద్రాసు చేరారని చెప్పుకుంటారు. అన్న వరసయ్యే వెంపటి పెదసత్యం గారు అప్పటికే సినిమాల్లో నృత్యదర్శకులు. చినసత్యం గారూ ఆ దారిలో కొంత నడిచారు, తరువాత పక్కకు తప్పుకున్నారు. సినిమాలోనే ఉండిపోయి ఉంటే మేడలు కట్టేవారేమో. నాట్యానికి మాత్రం నిలువ నీడ దొరికేది కాదు.

అకాడమీ నడిచింది గురుకుల పద్ధతిలో. ఇప్పటి వారానికి రెండు గంటల క్లాసులతో దాన్ని పోల్చకండి. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు అక్కడే ఉండేవాళ్ళు, అక్కడే తినేవాళ్ళు. పొద్దున అడవులు, అంటే అడుగుల సాధన, మధ్యాహ్నం పాఠం, సాయంత్రం రిహార్సలు. మాస్టారు కొత్త దరువుకు అడుగు వెతుక్కుంటుంటే చిన్నపిల్లలు గోడవారన నిలబడి చూసేవాళ్ళు. నా దృష్టిలో అసలు చదువు అదే. ఒక అడుగు వేసి, నచ్చక తుడిచేసి, ఇంకొకటి వేసే గురువును రోజూ చూసిన శిష్యురాలికి, తయారైన ఐటం మాత్రమే నేర్చుకున్న శిష్యురాలికి ఉన్న తేడా వేదిక మీద మొదటి నిమిషంలోనే బయటపడుతుంది.

కళాకారులు కలిసి బతికే చోటు కట్టాలన్న ఆలోచన ఇతరులకూ వచ్చింది. అదే మద్రాసులో 1936లో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్ర మొదలుపెట్టారు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో 1990లో ప్రొతిమా బేడీ నృత్యగ్రామం కట్టారు. 1998లో కైలాస మానససరోవర యాత్రలో కొండచరియ విరిగిపడి ఆమె పోయినా, శిష్యురాళ్ళు ఆ పల్లెను ఈనాటికీ నిలబెట్టారు. రుక్మిణీదేవి వెనుక దివ్యజ్ఞాన సమాజం అండ ఉంది. ప్రొతిమా బేడీకి కర్ణాటక ప్రభుత్వం స్థలం ఇచ్చింది. మన మాస్టారి దగ్గర మొదట ఉన్నదల్లా కాళ్ళు, తాళాలు, మొండితనం. అందుకే నా ఓటు ఆయనకే.

ఇక ఆయన చేతి పని. కూచిపూడి అడుగులో ఒక తూగు ఉంటుంది. పాదం నేలను కొట్టి అక్కడే ఆగిపోదు, ఒంటిని కొద్దిగా పైకి లేపుతుంది. వీధి భాగవతంలో, కాగడాల వెలుగులో, రాత్రంతా ఆడే ఆటలో ఆ తూగు కొన్నిసార్లు అదుపు తప్పేది. నడుము వదులయ్యేది, మోచేయి జారేది. దూరాన కూర్చున్నవాడికి మాటా పాటా అందితే చాలు, గీత సంగతి ఎవరికి పట్టింది? మాస్టారు తూగును వదలకుండానే గీత తెచ్చారు. అరమండిలో మోకాళ్ళు పూర్తిగా పక్కలకు విచ్చుకోవాలి. వెన్ను నిటారుగా ఉండాలి. చాచిన చెయ్యి భుజం ఎత్తున నిలవాలి, చూపు చేతి కొసను దాటి పోకూడదు. అడవులను ఒక వరసలో పెట్టి, ఒక్కొక్కటి మూడు కాలాల్లో, వేగం పెరిగినా ఆకారం చెడకుండా సాధన చేయించారు. మూడో కాలంలో చెయ్యి సగం దూరమే వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంటే ఆయన పాఠంలో అది అడవు కిందే లెక్కకు రాదు.

జతి కట్టడంలో ఆయన పొదుపు చూడాలి. జతిని ముగించే తీర్మానం ముందు మృదంగం ఊరిస్తుంది, నట్టువాంగం తాళాలు బిగుస్తాయి, చూసేవాడు చప్పట్లకు సిద్ధమవుతాడు. సరిగ్గా అక్కడ ఆయన శిష్యురాలు ఒక్క క్షణం నిలిచి, కేవలం మెడ తిప్పి, ఆ తరువాత ముక్తాయిస్తుంది. ఆ నిలుపు దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎంత చేయగలరో అంతా చేసేయడం నేర్పేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. ఆపడం నేర్పేవాడు తరానికి ఒకడు.

సత్యభామ ప్రవేశ దరువునే తీసుకోండి. తెర వెనుక నుంచి ముందు జడ, తరువాత పాదం, ఆ తరువాత గాని మొహం కనపడదు. భామ ఎవరో మొహం చూడకముందే సభకు తెలిసిపోవాలి. వేదాంతం సత్యనారాయణశర్మ గారు స్త్రీ వేషం కట్టి ఈ దరువు ఆడితే ఆడవాళ్ళే దిమ్మెరపోయేవారు. ఆయనకు సాటి రాగల భామ లేదు, అది ఒప్పుకోవాల్సిందే. మాస్టారు ఆ గర్వాన్ని తన శిష్యురాలు శోభానాయుడు ఒంట్లో పెట్టారు. ఆడపిల్ల ఒంటికి సరిపోయేలా అలకను సన్నగా చెక్కారు. అనకాపల్లిలో పుట్టిన ఆ పిల్ల భామగా, పద్మావతిగా, చండాలికగా దేశమంతా తిరిగి, 1980లో హైదరాబాదులో తన సొంత అకాడమీ పెట్టి, 2020 అక్టోబరులో పోయేదాకా నేర్పుతూనే ఉన్నారు. మంజుభార్గవిని 'శంకరాభరణం'లో చూసి మురిసిపోయినవాళ్ళు ఆ నిలకడ ఎక్కడిదో అడగలేదు. అదీ మాస్టారి బడిదే.

తరంగం గురించి ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పదు. నారాయణతీర్థుల కృష్ణలీలలకు ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే అంశం అది. కాలివేళ్ళు అంచును పట్టుకోవాలి, మడమ తోయాలి, పళ్ళెం జరగాలి, జరిగే పళ్ళెం తాళం తప్పకూడదు. పైన మాత్రం బాలకృష్ణుడు ఏమీ ఎరగనట్టు వెన్న తింటుండాలి. కింద జరిగే కష్టం పైకి తెలియకపోవడమే అందులో కళ. ఇప్పుడేమో పళ్ళెమే కథానాయిక అయింది. తల మీద చెంబు, చెంబు మీద ఇంకో చెంబు, చేతుల్లో దీపాలు. కృష్ణుడు ఎక్కడున్నాడో ఎవరూ అడగరు.

మాస్టారు సోలో అంశాలు 180కి పైగా, నృత్యనాటకాలు పదిహేను దాకా కూర్చారు. తొలిది 'శ్రీకృష్ణ పారిజాతం', 1959లో. తరువాత 'క్షీరసాగర మథనం', అందులో శివుడి వేషం ఆయనే కట్టారు. 'శ్రీనివాస కళ్యాణం', 'రుక్మిణీ కళ్యాణం', 'హరవిలాసం', 'కిరాతార్జునీయం' వరసగా వచ్చాయి. వీటిలో చాలావాటి వెనుక ఇద్దరున్నారు. మాటలు రాసిన ఎస్వీ భుజంగరాయశర్మ గారు, సంగీతం కూర్చిన పట్రాయని సంగీతరావు గారు. ఘంటసాల పక్కన హార్మోనియం పట్టి ఏళ్ళ తరబడి కూర్చున్న సంగీతరావు గారు, 1920లో పుట్టి 2021 దాకా నూరేళ్ళు బతికిన పెద్దాయన, అడుగు కోసం పాటను సాగదీశారు, పాట కోసం మాస్టారు అడుగును ఆపారు. కవి, స్వరకర్త, గురువు, ఆడేవాళ్ళు ఒకే కప్పు కింద ఎదురెదురుగా కూర్చుంటే గాని ఆ ఇచ్చిపుచ్చుకోవడం సాగదు. వాట్సాప్‌లో ట్రాక్ పంపించుకునేవాళ్ళకు ఈ ముక్క ఎలా చెప్పాలో నాకు తెలియదు.

'చండాలిక' నాకు వీటన్నిటికన్నా ఎక్కువ. రవీంద్రనాథ్ ఠాగూర్ కథ. అంటరాని పిల్ల చేతి నీళ్ళు బౌద్ధ భిక్షువు తాగుతాడు, ఆ ఒక్క గుక్కతో ఆమె బతుకు తలకిందులవుతుంది. బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే తరాలుగా ఆడుకుంటూ వచ్చిన కళను వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు ఆడపిల్లలకు తెరిచారు. ఆయన శిష్యుడు ఇంకో అడుగు వేసి, గుడి గుమ్మం అవతల నిలబెట్టిన పిల్లను తెచ్చి నాట్యం నడిమధ్యన నిలబెట్టారు. ఉపన్యాసం ఇవ్వలేదు, దరువు కట్టారు.

ఆయన మీద నిందలు లేకపోలేదు. కూచిపూడికి భరతనాట్యం పూత పూశారన్నారు. వాచికం, అంటే ఆడేవాళ్ళు తామే మాట్లాడుతూ పాడుతూ ఆడటం, ఆయన బాణీలో చిక్కిపోయిందన్నారు. మొదటి మాటను నేను ఒప్పుకోను. వెన్ను నిటారుగా పెట్టడం ఏ ఒక్క నాట్యం సొత్తూ కాదు. రెండో మాటలో నిజం ఉంది. భామ నోటి మాట వెనుక కూర్చున్న గాయకురాలికి వెళ్ళిపోయాక ఏదో తగ్గింది. కానీ ఆయన ఆ పని చేయకపోతే ఈ కళ రెండు మూడు మేళాల దగ్గరే ఆగిపోయేది. నష్టం ఎంత, లాభం ఎంత అని తూచితే ముల్లు మాస్టారి వైపే మొగ్గుతుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆళ్ళగడ్డ శిల్పుల వీధిలో ఉలి పట్టడానికి వచ్చిన కుర్రాడికి మొదటి రోజే స్వామి మొహం అప్పజెప్పరు. రాయి చదును చేయిస్తారు, ఏళ్ళు గడిచాక గాని కన్ను తెరిచే పని ఇవ్వరు. నాట్యంలో మాత్రం మొదటి నెలలోనే మొహానికి రంగు, మూడో నెలలో స్కూలు వార్షికోత్సవం, ఏడాది తిరిగేలోగా ఫ్లెక్సీ మీద 'నాట్యమయూరి'. అరమండి లేదు, మూడు కాలాలు లేవు, పిల్ల పెదవులు పెన్‌డ్రైవ్ పాటకు కదులుతుంటాయి. మృదంగం వాయించేవాడు ఆటో నడుపుకుంటున్నాడు. స్టేడియంలో వేలమందిని వరసలుగా నిలబెట్టి రికార్డు కొట్టామని టీవీలో చంకలు గుద్దుకుంటారు. ఆ వేలల్లో ఎవరి మోకాలు విచ్చుకుందో ఎవరు చూశారు? సంఖ్య కొలిచే కాగితానికి భావం అక్కర్లేదు. డబ్బు కట్టిన తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. నేర్పకుండా నేర్పామని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళను మాత్రం క్షమించలేను.

ఇంకో దెప్పు కూడా ఉంది. తెలుగు నాట్యానికి ఇల్లు కట్టుకోవడానికి ఒక తెలుగు గురువు పొరుగు రాష్ట్రపు రాజధానిలో ఎందుకు ఉండిపోవాల్సి వచ్చింది? విశాఖపట్నంలోనూ ఆయన చేత్తో ఒక కళాక్షేత్రం వెలిసింది, సంతోషమే. సీమలో ఏదీ? సంక్రాంతి తరువాత అహోబిలేశుడు పారువేటకు బయలుదేరి నలభై రోజులపాటు మన ఊళ్ళ వెంట తిరుగుతాడు. చెంచులక్ష్మి కథ మన ఇంటి కథ. ఆ కథను నిలబెట్టి ఆడే కళాకారులకు నల్లమల అంచున నాలుగు గదులు, ఒక చెక్క నేల, వండిపెట్టే మనిషి, ఒక మృదంగం, ఏడాదికి కొన్ని నెలల తీరిక మనం ఇవ్వలేమా? కోట్ల మాట కాదిది. నంద్యాలలో ఒక్క పెళ్ళి మండపం అలంకరణకు అయ్యే ఖర్చుతో మొదలుపెట్టవచ్చు.

అంతదాకా రెండు పనులు మన చేతిలోనే ఉన్నాయి. బ్రహ్మోత్సవాలకు, ఊరి ఉత్సవాలకు నాట్యం పెట్టించే పెద్దలారా, పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చే బృందాన్ని పిలవకండి. పాడేవాళ్ళను, నట్టువాంగం పట్టేవాళ్ళను వెంట తెచ్చుకునేవాళ్ళకే తాంబూలం ఇవ్వండి, వాళ్ళ దారి ఖర్చులు కూడా ఇవ్వండి. పిల్లల్ని నాట్యానికి పంపే అమ్మలారా, అయ్యలారా, రంగప్రవేశం ఎప్పుడని గురువును అడగడం మానండి. మా పిల్ల అరమండిలో ఎంతసేపు నిలబడగలుగుతోందో అడగండి.