చెవికి తెలిసే చేవ్రాలు

హిందూపురం వెళ్లే రైలు టికెట్ మీద మూడక్షరాల గుర్తు ఉంటుంది: హెచ్, యూ, పీ. పెనుకొండది పీ, కే, డీ. ధర్మవరానిది డీ, ఎమ్, ఎమ్. ఈ గుర్తులు చూస్తే తంతి రోజులు గుర్తొస్తాయి. 1892-93లో సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దు దాకా మీటర్ గేజ్ లైను తెరిచింది. అటు పాకాల నుంచి వచ్చిన లైను కూడా ధర్మవరంలో కలిసింది. పట్టాల వెంబడి తంతి స్తంభాలు, స్టేషన్‌లో మోర్స్ కీ, దాని ముందు సిగ్నలర్. ఆ రోజులు పోయాయి. జనం పంపుకొనే టెలిగ్రాం కూడా 2013 జులైలో ఆగిపోయింది. ఆ పనితనం మాత్రం ఔత్సాహిక రేడియో, అంటే హ్యామ్ రేడియో వాళ్ల చేతుల్లో బతికే ఉంది. వాళ్ల లైసెన్సుకు మోర్స్ పరీక్ష ఉండాలా వద్దా అన్న వాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. అందులో ఒక పక్షం తీసుకునే ముందు ఆ పనిని కాస్త దగ్గరగా చూడాలి.

మోర్స్‌లో ఉన్నదంతా కాలమే. అక్షరాలన్నీ చుక్కలు, గీతలు అనే పొట్టి, పొడుగు శబ్దాలే. చుక్క ఒక పాలు, గీత మూడు పాళ్లు. ఒక అక్షరం లోపలి విరామం ఒక పాలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకీ మాటకీ మధ్య ఏడు. పలికే శబ్దానికి ఎంత లెక్కో, మౌనానికీ అంతే లెక్క.

హిందూపురాన్నే పంపి చూద్దాం. హెచ్ అంటే నాలుగు చుక్కలు: డిడిడిడిట్. యూ అంటే రెండు చుక్కలు, ఒక గీత: డిడిడా. రెండూ సరిగ్గా ఏడేసి పాళ్లే పడతాయి. అయినా ఒకటి గలగలా దొర్లిపోతుంది, రెండోది చివర సాగి నిలుస్తుంది. పీ మాత్రం పదకొండు పాళ్లు: డిడాడాడిట్. అక్షరాల మధ్య విరామాలు కూడా కలిపితే మొత్తం ముప్ఫై ఒకటి. నిమిషానికి 20 పదాల వేగంలో ఒక పాలు సెకనులో నూరింట ఆరు వంతులు. అంటే ఊరి గుర్తు రెండు సెకన్లు నిండకుండానే వెళ్లిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో చెయ్యి ఎక్కడ తడబడినా మాట మారిపోతుంది. హెచ్ నడుమ క్షణం ఆగితే అవతలి మనిషికి రెండు ‘ఐ’లు వినిపిస్తాయి. పెనుకొండలోని పీ మధ్యలో విరిగితే ‘ఏ’, ‘ఎన్’ అవుతుంది. ధర్మవరంలోని ఎమ్ విడిపోతే రెండు ‘టీ’లు. చుక్కలూ గీతలూ అన్నీ సరిగ్గానే ఉంటాయి, మౌనం చెడిందంతే.

ధర్మవరం పట్టు నేసేవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. పేక మీద పడే దెబ్బ ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటే రంగులు ఎంత బాగున్నా చీరలో చారలు తేలతాయి. మోర్స్‌లోనూ మంచి చెయ్యి అంటే వేగం కాదు, సమానంగా పడే దెబ్బ. కీని వేళ్లతో పొడవరు. ముంజేయి బల్లకు ఆనించి, మణికట్టు వదులుగా ఉంచి ఆడిస్తారు. వేళ్లు బిగబడితే కాసేపటికే చెయ్యి పట్టేస్తుంది. ఎంత సమానంగా పంపినా ఎవరి తీరు వారికి ఉంటుంది: ఒకరి గీత వెంట్రుకవాసి పొడుగు, ఇంకొకరికి మాట చివర చిన్న తూగు. అలవాటైన చెవి పేరు వినకముందే మనిషిని పోల్చుకుంటుంది.

అందుకోవడం ఇంకా గొప్ప పని. ఆరితేరినవాడు చుక్కలు లెక్కపెట్టడు. అక్షరాన్ని ఒకే శబ్దంగా వింటాడు, వేగం పెరిగితే మాటనే ఒకే శబ్దంగా వింటాడు. చెవి ముందు వెళ్తుంటే రాసే చెయ్యి రెండు మూడు అక్షరాల వెనక నింపాదిగా వస్తుంది. వినడం ఒకచోట, రాయడం ఇంకోచోట, రెండూ ఒకే మనిషిలో. నాకు ఈ విద్యలో అన్నిటికంటే అబ్బురం ఇదే.

ఇక పరీక్ష సంగతి. మన దేశంలో పై తరగతి లైసెన్సుకు ఒకప్పుడు నిమిషానికి 12 పదాలు రావాలి, కింది తరగతికి 5. తర్వాత లైసెన్సులను రెండు తరగతులకు కుదించి, జనరల్ గ్రేడుకు 8 పదాలు చాలన్నారు, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సే అక్కర్లేదన్నారు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఈ నిబంధనను ఏ దేశం ఇష్టం ఆ దేశానికి వదిలేసింది. బ్రిటన్ ఆ ఏడాదే ఎత్తేసింది, అమెరికా 2007 ఫిబ్రవరిలో.

నా మాట స్పష్టంగా చెబుతాను: లైసెన్సు గుమ్మానికి మోర్స్‌ను గడియగా పెట్టకూడదు. ఆ విద్య మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. 8 పదాల వేగంలో ఒక్కో చుక్క 150 మిల్లీసెకన్లు ఉంటుంది. అంత నెమ్మదిలో అభ్యర్థికి చుక్కలు లెక్కపెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. పట్టిక బట్టీపట్టి, లెక్కపెట్టి గట్టెక్కుతాడు. ఆ అలవాటే తర్వాత అడ్డుగోడ అవుతుంది: 10 పదాల దగ్గర చాలామంది ఆగిపోయేది ఇందుకే. జర్మన్ మనస్తత్వవేత్త లుడ్‌విగ్ కోచ్ 1930లలోనే దీనికి విరుగుడు చూపాడు. మొదటిరోజు నుంచీ పూర్తి వేగంలోనే వినిపించాలి, కాకపోతే రెండే అక్షరాలతో మొదలుపెట్టాలి. అవి చెవికెక్కాక మూడోది. ఇలా నేర్చినవాడికి పట్టికతో పనే ఉండదు. మన పరీక్ష పనితనాన్ని కొలవదు సరికదా, పనితనానికి చేటు చేసే దారిలో కుర్రవాళ్లను నడిపిస్తోంది.

ఆపదలో మోర్స్ రాకపోతే ఎలా అంటారు కొందరు. 2004 సునామీ వేళ పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం రేడియో మీద వార్తలు అందించి ఎందరినో ఆదుకుంది. అలాంటి చోట ముందు కావాల్సింది నిబ్బరం, క్రమశిక్షణ, బ్యాటరీతో నడిచే సెట్టు. మోర్స్ బలం ఇంకోచోట ఉంది. మాటకు రెండున్నర కిలోహెర్ట్జ్ దాకా వెడల్పు కావాలి, మోర్స్‌కు 150 హెర్ట్జ్ చాలు. శక్తంతా సన్నని దారిలో వెళ్తుంది కాబట్టి చేత్తో కట్టుకున్న అయిదు వాట్ల సెట్టు కూడా సముద్రాలు దాటి వినిపిస్తుంది. కుర్రవాడిని ఈ విద్యలోకి లాగేది ఈ ఆనందమే.

అమెరికాలో పరీక్ష ఎత్తేసినా అక్కడి హ్యామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ తన స్టేషన్ నుంచి 10 నుంచి 40 పదాల దాకా రకరకాల వేగాల్లో మోర్స్ ప్రసారం చేస్తుంది, తప్పుల్లేకుండా రాసుకున్నవారికి యోగ్యతాపత్రం ఇస్తుంది. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి ఉంది. అది కూడా వారానికొక సాయంత్రం 7 మెగాహెర్ట్జ్ మీద 15, 20, 25 పదాల వేగంలో మన ఊళ్ల పేర్లతోనే పాఠం పంపవచ్చు. హిందూపురంలో మేడ మీద కట్టిన పది మీటర్ల తీగకు అది అందుతుంది. రాసుకున్న కాగితాన్ని పోస్టులో పంపితే దిద్ది తిరిగి పంపాలి.